లారీ కనబడని దారి

తిరుపతి నుంచి పలమనేరుకు బస్సులో మూడు గంటల ప్రయాణం. మాకు మూడు రోజులు పట్టింది. ఈ మాట చెబితే మా స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. సైకిళ్ల మీద వెళ్లామని, అదీ మే నెల ఎండల్లో, అదీ యాభైకి దగ్గరపడిన వయసులో వెళ్లామని చెబితే ఇంకా నవ్వారు. నవ్వుకోనీ. వాళ్లలో ఒక్కరు కూడా చూడని చిత్తూరు జిల్లాను నేను చూసి వచ్చాను.

ఎందుకు వెళ్లానో ముందే చెప్పేస్తాను. రెండేళ్ల కిందట స్కూటర్ మీద కాలేజీకి వెళ్తుంటే వెనక నుంచి వచ్చిన లారీ ఒకటి నన్ను రాసుకుంటూ పోయింది. తొడ ఎముక విరిగింది, లోపల రాడ్ వేశారు. ఎముక అతుక్కుంది కానీ, లారీ హారన్ వినబడితే ఇప్పటికీ నా చేతులు చల్లబడిపోతాయి. స్కూటర్ అమ్మేశాం. కాలేజీకి మా ఆయన దింపాలి, మళ్లీ ఆయనే తీసుకురావాలి. ఆయన క్యాంపుకు వెళ్తే నాకు సెలవు. ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పి, ఎవరినీ ఏదీ అడగకుండా తిరిగినదాన్ని, పక్కవీధి అంగడికి వెళ్లడానికి తోడు వెతుక్కునే స్థితికి వచ్చాను. జూన్‌లో కాలేజీ తెరుస్తారు. ఆలోగా మళ్లీ రోడ్డు మీద నా అంతట నేను బండి నడపగలనా లేదా తేల్చుకోవాలి. లేకపోతే ఉద్యోగం వదిలేస్తానని మా ఆయనతో అనేశాను కూడా.

మా ఆయన సర్వేయరు. జిల్లాలో ఏ డొంక ఎటు పోతుందో, ఏ చెరువు కట్ట ఎక్కితే ఎక్కడ దిగుతామో ఆయనకు కొట్టినపిండి. వారం రోజులు పటాలు ముందేసుకుని కూర్చుని, పలమనేరు దాకా ఒక్క లారీ కూడా కనబడని దారి గీశాడు. ఏటి గట్లు, బండి బాటలు, గుట్టల మధ్య కంకరమట్టి పరిచిన గరుసు దారులు. లావు టైర్ల సైకిళ్లు రెండు ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడు. "లారీ కనబడితే దిగి ఆటో ఎక్కేస్తా" అని నేను షరతు పెట్టాను. సరేనన్నాడు.

ఏటి ఇసుక

స్వర్ణముఖి అని పేరు విని మీరు నీళ్లు ఊహించుకునేరు. మే నెలలో అది ఇసుక. అక్కడక్కడా ఒక మడుగు, దాని చుట్టూ కొంగలు. గట్టు మీద దారి బాగానే సాగింది. పొద్దున ఐదున్నరకు గాలి చల్లగా ఉంది, పక్కన వేరుశనగ తడి పెట్టిన వాసన. చంద్రగిరి దాటాక గట్టు తెగి ఉంది. ఏట్లోకి దిగక తప్పలేదు. దిగిన పది గజాలకే ముందు చక్రం కూరుకుపోయింది, నేను నిలువునా పడ్డాను.

రెండేళ్లలో మొదటిసారి పడటం. దెబ్బ తగల్లేదు. ఇసుక మెత్తగా, ఇంకా రాత్రి చల్లదనంతో ఉంది. మా ఆయన ముఖం మాత్రం తెల్లబడిపోయింది. అక్కడే గొర్రెలు మేపుకుంటున్న పెద్దాయన ఒకాయన తొందర లేకుండా నడుచుకుంటూ వచ్చాడు.

"ఇసకలో బ్రేకు పట్టినావు గదమ్మా, అందుకే పడినావు. మా గొర్రెల్ని సూడు. ఆగకుండా పోతావుంటాయి."

"గొర్రెలకు నాలుగు కాళ్లున్నాయి కదా, తాతా!"

"నీకు మాత్రం తక్కువా? రెండు కాళ్లు, రెండు చక్రాలు."

లెక్కల టీచరును. ఆ కూడికకు మనసులోనే నూటికి నూరు వేసి, సైకిల్ లేపుకున్నాను.

ఏరు దాటేసరికి వెనక టైరులో సర్కారు తుమ్మ ముల్లు. సైకిల్ తోసుకుంటూ రెండు మైళ్లు నడిస్తే ఒక పల్లెలో పంక్చరు అంగడి దొరికింది. అంగడతను టైరును అటూ ఇటూ తిప్పి చూసి ఈ సైకిలు ఎంతని అడిగాడు. మా ఆయన కొంచెం తగ్గించే చెప్పాడు.

"అంత దుడ్డుకు పాడి ఆవు వస్తాదప్పా," అని నోరు తెరిచాడు అతను. "ఇది పాలు గూడా ఇయ్యదు." పంక్చరుకు మాత్రం నలభై రూపాయలే తీసుకున్నాడు. వాళ్లింట్లోంచే సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి తెప్పించి పెట్టాడు. తిరుపతిలో ఇప్పుడు పెద్ద హోటళ్లు కూడా సంగటిని అరిటాకులో పెట్టి రెండొందలు తీసుకుంటున్నాయి. అక్కడి ముద్ద నున్నగా, నాజూగ్గా ఉంటుంది. ఇక్కడిది పిడికిలంత గట్టిగా ఉంది, మధ్యలో నూకలు పంటికి తగిలాయి. నేను రెండు ముద్దలు తిన్నాను, డబ్బు ఇవ్వబోతే ఆ ఇల్లాలు చేతులు వెనక్కి పెట్టుకుంది.

రోడ్డు కింద తూము

పూతలపట్టుకు ఇవతల చిత్తూరు రోడ్డు అడ్డం వచ్చింది. అది దాటకుండా అటువైపు పోలేం. దానికీ మా ఆయన దగ్గర ఉపాయం ఉంది. రోడ్డు కింద వాగు పోయే తూము. ఎండాకాలం కదా, నీళ్లు లేవు. సైకిళ్లు పడుకోబెట్టి ఈడ్చుకుంటూ, మేం నడుం వంచుకుంటూ అందులోకి దూరాం.

సరిగ్గా మధ్యలో ఉండగా పైన లారీ పోయింది. తూము మొత్తం గుడగుడమంది. నెత్తిన సిమెంటు పొడి రాలిందో, రాలినట్టు నాకే అనిపించిందో తెలియదు. రెండు చెవులూ మూసుకుని అక్కడే చతికిలబడ్డాను. మా ఆయన పక్కన కూర్చున్నాడు. ఇంకో మూడు లారీలు పోయాయి. బయటికొచ్చి ఎండలో నిలబడ్డాక సిగ్గు వేసింది. ఇట్లా ఎన్ని తూముల కింద దూరుతాను? కాలేజీకి వెళ్లే రోడ్డు కింద తూము కూడా లేదు.

ఆ రోజు పూతలపట్టులో మా పెదనాన్న కూతురింట్లో ఆగాం. నేను తూము సంగతి వాళ్లకు చెప్పలేదు.

మామిడి గుట్టలు

రెండో రోజు దారి గురించి రాయాలంటే నాకు చేతకావడం లేదు. ఎర్రటి గరుసు దారి, చక్రం కింద పేలాలు వేగుతున్నట్టు చప్పుడు. దారికి రెండు పక్కలా మామిడి, గుట్ట వాలు మీద కూడా మామిడి, ఆ వెనక గుట్ట మీద కూడా మామిడే. ఏడు గంటల సేపు మాకు ఎదురైన వాహనాలు ఒక ట్రాక్టరు, రెండు ఎద్దుల బండ్లు, మోపెడ్ మీద మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని పోతున్న ఒక మనిషి.

ఒకచోట కాయలు కోస్తున్నారు. పొడుగాటి కర్రకు చిక్కం కట్టి, కొమ్మకొమ్మకూ అందించి, కాయకు దెబ్బ తగలకుండా దింపుతున్నారు. కింద ఆడవాళ్లు గోనెపట్టాల మీద కూర్చుని కాయలు ఏరుతున్నారు. వాళ్లలో ఒకామె మమ్మల్ని ఆపి నాలుగు బేనీషా పళ్లు చేతిలో పెట్టింది. డబ్బులు తీయబోతే, "కింద పడిన కాయకు దుడ్డేంది మా? తిను" అంది. ఇంతకీ కిలో ఏ ధర పలుకుతోందని అడిగాను. మండీలో ఇచ్చే ధర చెప్పింది. మా తిరుపతిలో నేను కొనే ధరలో అది మూడో వంతు. ఆ పళ్ల రసం మోచేతుల దాకా కారుతుంటే, ఇంటి దగ్గర నేను బేరం ఎవరితో ఆడుతున్నాను, దాని భారం ఎవరి మీద పడుతోంది అని మొదటిసారి ఆలోచించాను.

ఆ గంటల్లో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదని తర్వాత గుర్తొచ్చింది. రెండేళ్లుగా నడిచి వెళ్తున్నా పది అడుగులకోసారి వెనక్కి చూడటం నాకు అలవాటు.

చాటింపు

మధ్యాహ్నానికి బంగారుపాళ్యానికి అవతల, కొండ కింద ఒక పల్లె చేరాం. అక్కడ చెంగల్రాయుడు అనే మామిడి రైతు మా ఆయనకు తెలుసు. ఒకప్పుడు ఆయన పొలం కొలిచినప్పటి పరిచయం. ఆ రాత్రికి వాళ్లింట్లోనే ఉండి, పొద్దున్నే కొండదారిన పలమనేరు వెళ్లాలని మా ఆలోచన. చెంగల్రాయుడి తల్లి మునెమ్మ. డెబ్బై దాటి ఉంటాయి. ఎండకు నల్లబడిన ముఖం, ముక్కుకు రెండు పక్కలా పుడకలు, నడకలో మాత్రం ఎక్కడా వయసు కనబడదు. అలసందల పులుసు, మామిడికాయ పప్పు చేసి, "తిండి ఇంతేనా? ఇంత దూరం తొక్కేదానికి బలం యాడనించి వస్తాది?" అని కసురుతూ వడ్డించింది. తిని పడుకుని లేచాం. నాలుగున్నరకు కాఫీ తాగుతుంటే వీధిలో డప్పు మోగింది.

"వచ్చే మంగళారం గంగమ్మ జాతరహో! పొద్దు మునిగినాంక ఊరోళ్లు బయట నిద్ర సెయ్యగూడదు, బయటోళ్లు ఊళ్లో నిద్ర సెయ్యగూడదహో!"

చెంగల్రాయుడు లేచి నిలబడి మర్యాదగా అడిగాడు. "సార్, మీరు ఎన్ని గంటలకు బయల్దేరతారు?"

"రేపు పొద్దున్నే," అన్నాడు మా ఆయన.

చెంగల్రాయుడు గొంతులో కాఫీ ఆగిపోయింది. జరిగింది ఏమిటంటే, వారం ముందు ఫోనులో మా ఆయన జాతర ఎప్పుడని అడిగాడు. మే ఇరవై తారీఖు తర్వాతి మంగళవారమని చెంగల్రాయుడు చెప్పాడు. మేం ఈ మంగళవారమే వస్తున్నాం కదా, జాతర గొడవ లేదని మా ఆయన సంతోషించాడు. మధ్యాహ్నం భోంచేసి పోతారని చెంగల్రాయుడు అనుకున్నాడు. జాతరకు సరిగ్గా వారం ముందు మంగళవారం చాటింపు వేస్తారన్నది ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

మేమేమైనా దూరపు వాళ్లమా? తిరుపతి వాళ్లం. మా గంగమ్మకూ చాటింపు ఉంది. మా అమ్మ బతికినన్నాళ్లు ఆ వారం ఊరి పొలిమేర దాటి ఎక్కడా నిద్ర చేయలేదు. మేనమామ కొడుకు పెళ్లికి కూడా పోలేదు. కానీ రోజుకు ఎన్ని వేలమందో వచ్చిపోయే ఊరు మాది. మాలాంటి ఉద్యోగస్తులకు చాటింపు ఇప్పుడు పేపర్లో చదివే వార్త అయిపోయింది. ఇక్కడ అది ఇంకా మాట. ఒకవేళ ఈ రాత్రి ఊళ్లో నిద్ర చేస్తే ఆ బయటివాళ్లు ఇక జాతర ముగిసేదాకా, అంటే ఎనిమిది రోజులు, ఊరు దాటకూడదు.

కొండదారి చూద్దామంటే, సాయంత్రమైతే మామిడి తోటల్లోకి ఏనుగులు దిగుతున్నాయి, అటు ఎవరూ పోవడం లేదు. ఇక మిగిలింది ఒక్కటే. బెంగళూరు పెద్దరోడ్డు ఎక్కి వెనక్కి బంగారుపాళ్యం పోవడం. నాలుగు కిలోమీటర్లు.

"అదేం పెద్ద విషయం సార్," అన్నాడు చెంగల్రాయుడు. "మా తమ్ముడి ఆటో ఉండాది. మిమ్మల్ని దింపేసి వాడు పొద్దు మునిగేలోపల వచ్చేస్తాడు. సైకిళ్లు ఈడే పెట్టండి, జాతరయినాంక తీసుకుపోదురు."

నేను మా ఆయన చెవిలో అన్నాను, "ఇక్కడే ఉండిపోదాం. ఎనిమిది రోజులే కదా, నాకు సెలవులే." లారీ కనబడితే ఆటో ఎక్కుతానన్నాను గానీ, ఆటో కూడా ఆ రోడ్డు మీదే పోవాలి. నిజంగా ఎనిమిది రోజులు ఉండటానికే సిద్ధపడ్డాను. మునెమ్మకు వినబడింది. నా కాలు వైపు చూసింది. మధ్యాహ్నం మేం వచ్చినప్పుడే నా కుంటు నడక ఆమె గమనించి ఉంటుంది.

"ఉండేదానికి మాకేం అడ్డం లేదు పాపా. మొక్కుబడి ఉంటే ఉండు. భయానికైతే ఉండొద్దు." గోడకు ఆనించిన కర్ర తీసుకుంది. "ఆటో వచ్చేలోపల నాతో రా. సేను కాడ ఆవు ఉండాది, తోలుకు రావాల. ఆ సైకిలు గూడా తోసుకోని రా."

పొలిమేర రాయి

చేను ఊరి వెనకాల ఉంటుందనుకుని వెంట నడిచాను. నాలుగు సందులు దాటి, చింతతోపు దాటి చూద్దును కదా, ఎదురుగా పెద్దరోడ్డు. ఇటు రెండు వరసలు, అటు రెండు వరసలు, మధ్యలో గన్నేరు మొక్కలు. మునెమ్మ చేను అటువైపు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఊరు ఇటు, చేలు అటు పడ్డాయట. అప్పటి నుంచి ఆవును తోలుకుని రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆమె ఆ రోడ్డు దాటుతోంది.

నా కాళ్లు ఆగిపోయాయి. సైకిల్ హ్యాండిల్ పట్టుకున్న చేతులు చల్లబడ్డాయి. "నేను రాలేనమ్మా," అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లారీని సూస్తావుండావు, అందుకే," అంది మునెమ్మ. "లారీని సూడొద్దు. పైన డ్రైవరు కుసోని ఉండాడు, వాని మొగం సూడు. వాడు నిన్ను సూసినాడా లేదా, నీకు కావాల్సింది అంతే. సూసినాడంటే నడువు. పరిగెత్తొద్దు. పరిగెత్తితే నువ్వు యాడుంటావో వానికి తెల్దు."

విన్నాక కూడా కదల్లేకపోయాను. ఆ రోజు నన్ను కొట్టిన లారీలో నాకు గుర్తున్నది చక్రం ఒక్కటే. ఎన్నోసార్లు కలలోకి వచ్చిందీ చక్రమే. పైన ఒక మనిషి కూర్చుని ఉంటాడన్న ఆలోచన రెండేళ్లలో ఒక్కసారి కూడా నాకు రాలేదు.

దూరంగా లారీ వస్తోంది. మునెమ్మ కర్ర పైకెత్తి రోడ్డు మీదికి అడుగు పెట్టింది. నేను అద్దం వెనక ముఖం కోసం వెతికాను. బొట్టు పెట్టుకున్న ఒక మధ్యవయసు మనిషి. మమ్మల్ని చూశాడు. చూసినట్టు తల ఊపాడు. లారీ నెమ్మదించింది. మునెమ్మ ఇంటి వాకిట్లో నడిచినట్టు నడిచింది, నేను ఆమె కొంగు పక్కనే సైకిల్ తోసుకుంటూ నడిచాను. గన్నేరు మొక్కల మధ్య ఒకసారి ఆగాం. అటువైపు ఇంకో లారీ, ఇంకో ముఖం. దాటేశాం.

మా ఆయన సంచులు కట్టిన తన సైకిల్ తోసుకుంటూ మా వెనకాలే వచ్చాడు. రోడ్డు దిగగానే అక్కడ ఒక రాయి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉంది. ఆయన సర్వేయరు కదా, అన్నీ మరిచిపోయి దాని ముందు కూర్చున్నాడు. "ఇది మీ ఊరి పొలిమేర రాయి! రోడ్డుకు ఇటుపక్క ఉందే!" అన్నాడు.

"రోడ్డు నిన్నగాక మొన్న ఏసినారు నాయనా," అంది మునెమ్మ. "మా పొలిమేర యాడుండేదో ఆడే ఉండాది. దీని దాకా మీరు మా ఇంటి సుట్టాలు. సాగనంపేది ఈడికే." నా వైపు తిరిగింది. "ఆటో కావాలంటే సెప్పు, కేకేస్తా."

"వద్దులేమ్మా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఆమె నా తలమీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, ఆవు కోసం చేలోకి పోయింది. ఆవు అప్పటికే అరుస్తోంది.

నాలుగు కిలోమీటర్లు

రోడ్డు అంచున తెల్లగీతకు ఇవతల తొక్కడం మొదలుపెట్టాం. ధైర్యం వచ్చిందని అబద్ధం రాయను. తెల్లగీత మీదే చూపు పెట్టి, ఒక్కో తొక్కు లెక్కపెట్టుకున్నాను. దాటేటప్పుడు ముఖాలు కనబడ్డాయి. ఇప్పుడు లారీలన్నీ వెనక నుంచి వస్తున్నాయి. వాళ్లు నన్ను చూస్తున్నారో లేదో నాకెలా తెలుస్తుంది?

మొదటి లారీ చప్పుడు దగ్గరయ్యేసరికి మా ఆయన తన సైకిల్‌ను నాకు కుడిపక్కకు తెచ్చాడు, నాకూ రోడ్డుకూ మధ్యలో. లారీ వచ్చి పోయింది. రెండోది వచ్చినప్పుడూ అలాగే చేశాడు. ఈ రెండేళ్లూ ఆయన చేసింది అదే. బండి మీద నా ముందు, ఆసుపత్రిలో నా పక్కన, తూము కింద నా పక్కన. ఎంత ప్రేమతో చేశాడో నాకు తెలుసు. అయినా గట్టిగా అరిచాను.

"పక్కకు తప్పుకో! నువ్వు అడ్డం ఉంటే నేను వాళ్లకి కనబడను!"

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. బాధపడ్డాడేమో అనుకున్నాను. వేగం పెంచి ముందుకు పోయాడు, పది గజాలు, ఇరవై గజాలు. వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగి చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో ఆయన మెడ చూస్తే తెలుస్తోంది.

నా వెనక మళ్లీ చప్పుడు. పళ్లు బిగించి తొక్కాను. లారీ నన్ను దాటుతూ బాగా కుడికి జరిగింది. ఎడమ కిటికీలో నెరిసిన మీసాల క్లీనరు ఒకాయన అరచేత్తో తలుపు మీద రెండుసార్లు చరిచి, "పో మా, పో పో" అని చెయ్యి ఊపాడు. చూశారు నన్ను. నేను కూడా చెయ్యి ఊపాను. సైకిల్ కాస్త అటూ ఇటూ ఊగింది, సర్దుకున్నాను. తర్వాత ఎన్ని లారీలు పోయాయో లెక్క పెట్టలేదు.

బంగారుపాళ్యంలో మొదట కనబడిన టిఫిను అంగడి ముందు ఆగి, సైకిల్ దిగి, బెంచీ మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను. పెనం దగ్గరున్నామె కంగారుపడి పరిగెత్తుకొచ్చింది. "ఏం మా? ఎవురికేమైంది?"

"ఏం కాలేదక్కా. కొండ కిందినుంచి ఈడికి రోడ్డు మీద సైకిల్లో వచ్చినాను."

ఆమె నా ముఖం చూసింది, సైకిల్ చూసింది, మా ఆయన్ని చూసింది. ఆయన కూడా కళ్లు తుడుచుకుంటున్నాడు. "దానికి ఇద్దురూ ఏడస్తారా?" అంటూ పెనం దగ్గరికి పోయి, నేను అడగకుండానే రెండు కారం దోసెలు వేసి తెచ్చింది. దోసె ముప్పై రూపాయలు. నేను నాలుగు తిన్నాను.

రాత్రికి అక్కడే ఒక లాడ్జిలో దిగాం. మర్నాడు పొద్దున మా ఆయన పటం పరిచి, పలమనేరుకు రెండు దారులున్నాయని చెప్పాడు. ఒకటి పెద్దరోడ్డు. ఇంకోటి పొలాల మధ్య గరుసు దారి, ఎండెక్కాక పోతే ఏనుగుల భయం లేదు, కానీ ఎనిమిది కిలోమీటర్లు ఎక్కువ. నీ ఇష్టం అన్నాడు. రెండేళ్లలో నా ఇష్టాన్ని అంత మామూలుగా ఆయన అడగడం అదే మొదలు. పెద్దరోడ్డు వైపు ఒకసారి చూసి, గరుసు దారే అన్నాను. ఆ దారిలో మామిడి పళ్లు దొరుకుతాయి.